ఒకటో నంబరు శాంపిల్

మా సారు పోయారు. హిందూపురంలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్ళు బయోకెమిస్ట్రీ చెప్పిన ఆయన, పోయిన నెల బెంగళూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. కిడ్నీలు పనిచేయడం మానేశాయి. ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను నా ల్యాబులో ఒకరి చేతికి రబ్బరు పట్టీ కడుతున్నాను. "మీ సారు లేడప్పా" అని మాత్రం అన్నారు మేడం. పట్టీ విప్పి, ఆ మనిషిని రేపు రమ్మన్నాను.

ఆయన దగ్గర చదివి, ఆయన చెప్పబట్టే ఈ రక్తపరీక్షల ల్యాబు పెట్టుకున్నాను. రెండేళ్ళ కిందట, మనిషి జబ్బుల్లో ప్రోటీన్ల మార్పుల మీద కాలేజీలో ఒక సదస్సు జరపాలని పట్టుబట్టింది ఆయనే. అందులో ఆయన మాట్లాడదలచింది షుగర్ గురించి. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఎంత అతుక్కుందో చూస్తే మూడు నెలల సంగతి తెలుస్తుంది. అందుకు ధర్మవరంలో తాను పుట్టిన మగ్గాల వీధిలోనే రక్తం తీద్దామన్నారు. ఆదివారాలు ఇద్దరం ప్యాసింజర్ రైల్లో పోయేవాళ్ళం. తిరిగి వచ్చేటప్పుడు రక్తం శాంపిళ్ళున్న ఐసు పెట్టె ఆయన ఒళ్ళోనే ఉండేది. పెనుకొండలో రైలు ఎంతసేపు ఆగినా టీకి కూడా దిగేవారు కాదు.

మొదటి రోజు ఎవరూ చెయ్యి చాపలేదు. రోగముందని కాగితం మీద పడితే నలుగురికీ తెలుస్తుందని వాళ్ళ భయం. సారు మగ్గం గుంత అంచున కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచారు. "ముందు నాది తీయప్పా." అలా ఒకటో నంబరు ఆయనదైంది.

ఆ తర్వాత ఒక అవ్వ వచ్చి కూర్చుంది.

"మూడు దినాల నుంచి కాఫీలో చక్కెరేసుకోలేదు నాయనా. ఉత్త రాగిముద్దే. ఇప్పుడు తీస్కో, బాగా వస్తాది."

"ఇది మూణ్ణెల్లది చెప్తాదవ్వా. పట్టుకు రంగు పట్టినట్టు పట్టింటాది. మూడు దినాలకు యాడ పోతాది?" అన్నారు సారు.

"ఆ మాట ముందే చెప్పకూడదా? పండక్కు అన్ని ఓళిగలు తినకపోదును!"

వీధంతా నవ్వింది. ఇంక వద్దన్నవాళ్ళు లేరు.

"నెత్తురిచ్చినోళ్ళకు జవాబు మనమే తీస్కపోయి ఇయ్యల్ల" అనేది ఆయన మాట. ఫలితాలు ఇంటింటికీ తిరిగి ఇచ్చారు. చదువు రానివాళ్ళకు చదివి చెప్పారు. ఎక్కువ వచ్చినవాళ్ళను తానే డాక్టరు దగ్గరికి పిల్చుకుపోయారు. అందరికన్నా ఎక్కువ వచ్చింది ఒకటో నంబరుకు.

ఆ కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "మీ మేడమ్‌కు చెప్పొద్దు. తెలిసిందంటే నన్ను ఇల్లు కదలనీదు. సదస్సు కానియ్యి, నేనే చెప్తా."

సరే అన్నాను.

సదస్సులో ఆయన వంతు భోజనాల తర్వాత వచ్చింది. బెంగళూరు నుంచి వచ్చిన పెద్దలు ముందు వరుసలో, మగ్గాల వీధి వాళ్ళు వెనక వరుసలో కూర్చున్నారు. ఇంగ్లీషులో చెప్పిన ప్రతి ముక్కనూ వెనక వరుస కోసం తెలుగులో మళ్ళీ చెప్పారు. తెర మీద ఒక్కొక్కరి ఫలితం ఒక్కో చుక్క. చుక్కలన్నీ ఒకచోట గుంపుగా ఉన్నాయి, ఒకటి మాత్రం పైన విడిగా ఉంది. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, ఆ చుక్క ఎవరిదో గానీ డాక్టరుకు చూపించారా అని అడిగారు.

"చెప్పినాం సార్. చెప్తే వినే మనిషి కాదు" అన్నారు సారు.

హాలంతా నవ్వింది. నా పక్క కుర్చీలో ఉన్న మేడం కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

సదస్సు అయింది. తర్వాత పరీక్షలు వచ్చాయి, పేపర్లు దిద్దే పని వచ్చింది. కనిపించినప్పుడల్లా డాక్టరు దగ్గరికి పోయారా అని అడిగేవాణ్ణి. "చూస్తాండాలేప్పా" అనేవారు. మేడమ్‌కు నేను ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. గురువు మాట దాటకూడదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆయన కోపానికి భయపడ్డాను. కాళ్ళు వాచేదాకా మేడమ్‌కు ఏమీ తెలియదు.

కర్మ అయిన రోజు ఆమె నన్ను పక్కకు పిలిచారు.

"నీకెప్పటి నుంచి తెలుసప్పా?"

"రెండేండ్లయింది మేడం."

ఆమె తిట్టలేదు. "ఒక్క మాట చెప్పింటే..." అని, ఆపేసి లోపలికి పోయారు.

మొన్న ఉదయం ఆమె మా ల్యాబుకు వచ్చారు. వెంట కొడుకు ఉన్నాడు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని, డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు.

"వీనిది తీయి. కాగితం నా చేతికియ్యి" అన్నారు.

నేను అతని వైపు చూశాను. "ఒప్పుకొనే వచ్చినాలేన్నా, తీయి" అన్నాడు.

తీశాను. "మీరు ఇంటికి పోండి మేడం, సాయంత్రం నేనే తెచ్చిస్తా."

"వద్దు. ఈడే ఉంటా."

కొడుకు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఆమె స్టూలు మెషిన్ ముందుకు లాక్కున్నారు. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళలాగా, దాని మీంచి చూపు తీయకుండా కూర్చున్నారు.