ముందు వరసలో గడియారాల మావయ్య

గడియారాలు బాగుచేసే ఆ మావయ్య నాడి పట్టుకుని చూసి జనం తమ వాచీలు సరిచేసుకునేవారు. నమ్మకపోతే మానండి.

ఆయన అల్లుడు గిటారు మీద రాగాలు వాయిస్తూ ఓ రాక్ బ్యాండ్ పెట్టాడు. కూతురు పాడుతుంది. జుట్టుకు రిబ్బను కట్టిన పెద్దమనిషి డ్రమ్ములు బాదుతాడు. శాస్త్రీయం, పాశ్చాత్యం కలిపి కొత్త సంగీతం పుట్టిస్తున్నామని పోస్టర్లు వేశారు. పురిటి నొప్పులు మాత్రం వినేవాళ్లకి వదిలేశారు.

చిక్కల్లా ఏడక్షరాల తాళంలో సాగే పాటతోనే. డ్రమ్ములాయనకి నాలుగు దాటితే లెక్క అందదు. అందుకని మావయ్యని ముందు వరస నడిమి కుర్చీలో కూర్చోబెట్టి, తొడ మీద తాళం వేయించేవారు. మూడు దెబ్బలు, రెండు వేళ్లు, రెండు విసుర్లు, వెరసి ఏడు. స్టేజీ మీద అందరూ కళ్లు అరమోడ్చి పరవశిస్తున్నట్టు నటిస్తూ, ఆ చేతినే చూసేవారు.

ఒకరోజు కచేరీకి ముందు అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మావయ్యా, చెవిలో పెట్టుకునే మిషన్ వచ్చింది. టిక్కు టిక్కుమని లెక్క అదే చెబుతుంది. ఇవాళ ఒక్క తప్పు దొర్లినా, వచ్చేసారి నుంచి మిషనే. మీరు ఇంట్లో హాయిగా ఉండొచ్చు."

"హాయి నాకు పడదు అల్లుడూ," అన్నాడు మావయ్య.

ఏడక్షరాల పాట సగంలో ఉండగా ముఖ్య అతిథి వచ్చాడు. ఆయన తలుచుకుంటే ఆ బ్యాండ్‌కి ఊళ్లో ఇంకో హాలు దొరకదు. తిన్నగా మావయ్య పక్క కుర్చీ దగ్గరికొచ్చి, నవ్వుతూ చెయ్యి చాపాడు. కెమెరాలు లేచాయి. చెయ్యి ఇస్తే తాళం పోతుంది, ఇవ్వకపోతే హాలు పోతుంది. స్టేజీ మీద అల్లుడి మొహం పాలిపోయింది.

మావయ్య ఆ చెయ్యి అందుకున్నాడు. వదల్లేదు. దాన్ని అలాగే లాగి తన తొడ మీద వేశాడు దెబ్బ!

"ఏవండీ, ఏవిటిది?"

"కూర్చోండి సార్. ఇంకో దెబ్బ ఉంది."

పాట జోరందుకుంది. అతిథి ఉంగరం ఊడి మూడో వరసలో పడింది. ఆయన అరవబోయాడు గానీ, అతిథే తాళం వేస్తున్నాడనుకుని హాలంతా చప్పట్లు కొట్టడంతో ఆ నోరే నవ్వుగా మారింది. డ్రమ్ములాయన జన్మలో మొదటిసారి ఏడుదాకా తడబడకుండా వెళ్లాడు.

పాటయ్యాక అతిథి మైకు పట్టుకుని, ఎర్రబడ్డ అరచెయ్యి జనానికి చూపించాడు. "సంగీతం నా రక్తంలోనే ఉంది. ఇవాళ బయటపడింది!"

మర్నాడే కబురొచ్చింది. వచ్చే కచేరీకీ ఆయన వస్తాడట, కాకపోతే పక్క కుర్చీలో నిన్నటి మనిషే ఉండాలట.

అల్లుడు నసిగాడు. "మావయ్యా, మీరు లేకపోతే కుదరదు."

"వస్తాను. ముందు ఆయన్ని గోళ్లు తీయించుకుని రమ్మను," అన్నాడు మావయ్య, గీరుకుపోయిన తొడ తడుముకుంటూ.