రెండో తొవ్వ లేని కెరీర్

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిగా ఈ రోజు ఇంట్లో నా ఐదేళ్ల ప్రణాళికను చార్టు మీద గీసి విడుదల చేశాను. అందులో ఉన్నది ఒకటే దారి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫర్ లెటర్ వచ్చింది, చేరే తేదీ మాత్రం మాంద్యం తగ్గాక చెబుతారట.

బొగ్గు బాయిలో (గనిలో) మొదటి షిఫ్టు చేసి వచ్చిన మా నాన్న, బాపు, చార్టును తిప్పి తిప్పి చూశాడు.

"రెండో తొవ్వ ఏదిరా? ఒకటి మూస్కపోతే బయటికెట్ల వస్తవు? గిట్లుంటే బాయిలకు ఎవ్వల్ని దిగనియ్యరు."

"బ్యాంకు పరీక్ష గూడ రాస్త బాపూ."

"మరి గియ్యి. బాణం గుర్తు పెద్దగ పెట్టు, చీకట్ల కనవడాలె."

గీశాను. బాపు కింద సంతకం చేసి, "ఇగ దిగు" అన్నాడు.

భద్రతా తనిఖీలో పాసైన కెరీర్ గోదావరిఖనిలో నాదొక్కటే అనుకుంటున్నాను. మీ రెండో తొవ్వ ఏంటో కింద రాయండి, బాపుతో సంతకం పెట్టిస్తాను.