పల్చటి జాడీ, చిక్కటి జాడీ

మా దొడ్డమ్మ పోయింది. శనివారం తెల్లారుతూనే పక్కింటి పిన్నిగారు వచ్చి చెబితే, "ఎవరి దొడ్డమ్మండి?" అని అడిగాను. శుక్రవారం సాయంత్రం ఆవిడ నా పక్కనే కూర్చుని నల్లద్రాక్ష తొడిమలు తీసింది. కాయ పులుపని అమ్మినవాణ్ణి తిట్టిపోసింది. అంత గట్టిగా తిట్టిన మనిషి తెల్లారేసరికి లేకపోవడమేమిటి? నాకింకా నమ్మకం కుదరడం లేదు.

రాజోలులో మా చర్చికి, ప్రభువు బల్ల ఆదివారాల్లో తలో గుక్కా పంచడానికి, ద్రాక్షారసం చేసేది మా అమ్మకి అక్క అయిన ఈ దొడ్డమ్మే. మేం దాన్ని 'రసం' అనే అంటాం. మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, "ఈసారి రసం చిక్కగా కుదిరిందండి" అన్న ఆవిడ మాట విని, అన్నంలోకి కాస్త పంపమన్నారు. దొడ్డమ్మ నవ్వలేదు. మిరియాల చారు కాచి పంపింది. నవ్వింది మేం.

ఆవిడ వంటింట్లో రెండు జాడీలుండేవి. తొక్కలు తొందరగా వడగట్టేస్తే పల్చటిది, లేత ఎరుపు. తొక్కలతోనే నెలలు ఊరనిస్తే చిక్కటిది, నేరేడుపండు రంగు, నాలిక పట్టేసేంత వగరు. ఏ ఆదివారం ఏది పొయ్యాలో ఆవిడే తేల్చేది. ముందు కొంగు మీద ఒక చుక్క వేసి చూసేది. తాగి చూడొచ్చుగా అంటే, "నాలిక మొహమాటపడుద్దే, గుడ్డ పడదు" అనేది. చర్చికి కట్టే తెల్లచీర కొంగంతా ఆ మరకలే.

క్రిస్మస్‌కీ పెళ్ళిళ్ళకీ చిక్కటిది. ఒకసారి మా సంఘంలో ఒక కుర్రాడు జ్వరంతో హఠాత్తుగా పోయాడు. ఆ ఆదివారం గౌరవంగా ఉంటుందని పాస్టరుగారు చిక్కటిది తెమ్మన్నారు. దొడ్డమ్మ పల్చటిదే పట్టుకెళ్ళింది.

"ఏడ్చేడ్చి గొంతులు పూడుకుపోయి ఉన్నారండి. చిక్కటిది దిగదండి వాళ్ళకి."

"ఆయ్, అలాగేనండి" అన్నారాయన. అప్పటికి ఆయనకీ మా మాట అబ్బింది.

శనివారం సాయంత్రం సమాధికి తీసుకెళ్ళేముందు, ఆ తెల్లచీరకి మరకలున్నాయి, ఇంకో చీర కడదామన్నారెవరో. నేను ఒప్పుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడే బల్ల ఆదివారం. పొద్దున్నే సంఘపెద్దగారు వచ్చి దొడ్డమ్మ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏ జాడీ పట్టుకెళ్ళమంటారమ్మా? ఇదివరకు ఆవిడ చెప్పేవారు. ఇప్పుడు మీరే చెప్పాలండి."

నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు. వెనక్కి తిరిగి దొడ్డమ్మని అడగబోయాను కూడా. ఆ వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నానని అప్పుడు తెలిసింది. చిక్కటి జాడీ మూతికి ఆవిడ కట్టిన గుడ్డ ముడి విప్పడానికి చెయ్యి రాలేదు. రెండోది తీసి, నా కొంగు మీద ఒక చుక్క వేసుకున్నాను. రంగు బాగానే ఉంది.

"పల్చటిదేనండి" అన్నాను.

చర్చిలో నా వరస వచ్చింది. మోకరించి గిన్నె అందుకున్నాను. కొంగు మీద ఆ చుక్క అప్పటికే ఆరి మరకయ్యింది.

పల్చటిదే పోశాను దొడ్డమ్మా. అదీ దిగలేదు.