గొర్రెలకు ఉప్పు, అంజిలయ్యకు చప్పిడి

తాండూరు బజారులో ఉప్పు సేటు నోరు మా మరిది అంజిలయ్య మూయించిన రోజు నేను పక్కనే ఉన్నాను. గొర్రెలకు నాకించడానికి దొడ్డుప్పు కొన్నాడు. మా ఊరు పెద్దేముల్ చేరి బస్తా విప్పితే సగం మట్టి. మరునాడు బస్తాతో పాటు ఒక పొట్టేలును కూడా ఆటో ఎక్కించుకుని కొట్టు ముందు దిగాడు.

"గిది ఉప్పేనంటున్నవ్ గద సేటూ? నా మాట ఇడువు. పొట్టేలు నాకితే ఉప్పు, నాకకుంటే మట్టి. అది నా దిక్కు మాట్లాడదు, నీ దిక్కు మాట్లాడదు."

పొట్టేలు వాసన చూసి మూతి తిప్పుకుని, కొట్టులో ఉన్న మంచి ఉప్పు బస్తాలో తల దూర్చింది. బజారంతా నవ్వింది. సేటు బస్తా మార్చి ఇచ్చాడు. "ఉప్పు లేకుంటే గొర్రె మేత ముట్టదు వదినా, కాళ్లు ఈడుస్తది" అని దారి పొడుగునా నాకు పాఠం చెప్పాడు. నేను అడగలేదు.

అంత తెలిసిన మనిషికి బీపీ వచ్చింది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. తగ్గించడమంటే మా మరిదికి చిన్నతనం. పూర్తిగా మానేశాడు. చప్పిడి పప్పు, చప్పిడి జొన్న గటక. పెళ్లికి పోతే పక్కవాడి విస్తరి చూసి, "నోరు కట్టుకోవాలె" అని నీతులు. గొర్రెలకు మాత్రం ఉప్పు ఏనాడూ మరవలేదు.

నిరుడు వానల్లో మంద వెంట తడిసి దగ్గు, జ్వరం తెచ్చుకున్నాడు. జ్వరానికి నీళ్లు మంచివని ఆయన భార్య హన్మమ్మ చెంబు మీద చెంబు తాగించింది. నేను చూడబోతే, "ఓ నల్లదానా, మందల కలువు!" అని నన్ను అదిలించాడు. నల్లది ఆయన ముసలి గొర్రె.

"గాలి సోకిందక్కా, దారం కట్టిద్దాం," అని హన్మమ్మ ఏడ్చింది.

"దారం యాడికి పోదు. ముందుగాల దవాఖానకు నడువు," అన్నాను.

తాండూరులో చూసి వికారాబాదుకు పంపారు. అక్కడి డాక్టరమ్మ పద్మారాణి దాపరికం లేకుండా చెప్పింది. "నెమ్ము పట్టింది. రక్తంలో ఉప్పు, అంటే సోడియం, బాగా పడిపోయింది. అందుకే తిక్క మాటలు. నెమ్ముతో పాటు ఇది కూడా పడిపోయినోళ్లు తొందరగా లేవరు. కొందరు దక్కరు."

హన్మమ్మ కొంగు కింద నుంచి సీసా తీసింది. "చింతకాయ తొక్కు తెచ్చినమ్మా. జర నాకిస్త."

"తొక్కుతో అయ్యే పని కాదమ్మా. నెమ్ముతో ఒంట్లో నీళ్లు నిలిచి, ఉన్న ఉప్పు పలచబడింది. చప్పిడి తిండి దానికి తోడైంది. ఉప్పు మేం మెల్లగా ఎక్కిస్తాం. మేం చెప్పినదానికంటే ఒక్క గుక్క ఎక్కువ తాగనియ్యకండి."

డాక్టరమ్మ అటు పోగానే హన్మమ్మ నన్ను నిలదీసింది. "సీసాడు నీళ్లు నరంల ఎక్కిస్తరట, నోట్ల గుక్కెడు పొయ్యొద్దట. గిదేం సదువక్కా?"

రోగి దూప అంటే నీళ్లు లేవనడం మా ఇళ్లల్లో పాపం. హన్మమ్మ పుణ్యాత్మురాలు. నేను చాయకు పోయినప్పుడల్లా పుణ్యం చేసుకుంది. మళ్లీ రక్తం పరీక్ష చేస్తే సోడియం ఇంకా కిందికి పోయింది. "నీళ్లు ఎవరు పోశారు?" అని డాక్టరమ్మ కేకలేస్తే వార్డంతా నా మొహం చూసింది. హన్మమ్మ కండ్లు తుడుచుకుంటోంది, ఏడ్చేవాళ్లను ఎవరనుమానిస్తారు?

ఆ పూట నుంచి చెంబు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రాక్షసి అన్నారు. అననీ. రెండు రోజులకు ఆయన కండ్లు తెరిచి, "వదినా" అన్నాడు. నల్లదానా అనలేదు. సోడియం కొంచెం లేచిందనీ, గండం ఇంకా గడవలేదనీ, నీళ్ల కట్టడి తప్పదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆయన అంతా విన్నాడు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. హన్మమ్మ అటు తిరగగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"వదినా, జర దాన్ని ఇంటికి తోలు. నేను దూప దూప అని ఏడుస్త, నిన్ను బూతులు తిడుత. నీళ్లియ్యకు. దాని మనసు ఎన్నపూస, నేను మూలిగితే కరుగుతది. నీది బండ. నువ్వే కూసో."