నాగమ్మవ్వ కలికుండ

కడుపులోని సూక్ష్మజీవులకూ గుండెకూ ఊపిరితిత్తులకూ సంబంధం ఉందన్న కబురు మొదట నాకు చెప్పింది మా అన్న కూతురు సునీత. ప్రొద్దుటూరులో నర్సు. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక నేను గంజి పులిసే కలికుండ మూత తీస్తే, ఆ పుల్లని వాసనకు నవ్వింది. “ఎత్తు కొండల మీద ఉండేవాళ్ల కడుపులో క్రిములు వేరేగా ఉంటాయంట అత్తా. ఊపిరి, గుండె తట్టుకునేదానికి అవీ సాయం చేస్తాయేమోనని డాక్టర్లు చూస్తాండారు. ఇంకా తేలలేదులే” అంది. నాకు మాత్రం నాగమ్మవ్వ కళ్లముందు నిలిచింది.

నా చిన్నప్పుడు, పులివెందుల దగ్గర మా ఊరు రెండు పార్టీలుగా చీలిన రోజులవి. బడి దారిలో బాంబుల భయానికి అమ్మ నన్ను ఇంట్లోనే బైబిలు ముందు పెట్టుకుని చదివించింది. మంచుకొండల్లో మిలిటరీ లారీ నడిపే మా అన్న జోసెఫ్ సెలవు మీద వచ్చాడు. పదడుగులు వేస్తే ఆయాసం, తిన్నది నిలవదు. జమ్మలమడుగు ఆసుపత్రిలో మందులిచ్చారు. తిరిగి వెళ్లాక డాక్టరు పరీక్షలో నెగ్గకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోయి ఊళ్లో ఉంటే, మా పార్టీ వాళ్లు చేతికి వేటకొడవలి ఇవ్వక మానరు. అమ్మ భయమంతా అదే.

పక్కింటి నాగమ్మవ్వది గొర్రెలు కాసే ఇల్లు. గంజి పులియబెట్టే ఆమె కలికుండ ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. అడుగున చెంబెడు కలి మిగిల్చి, పైన కొత్త గంజి పోసేది. చల్లారిన రాగి అంబలిలో ఆ కలి కలిపి అన్నకు రెండు పూటలా తెచ్చేది. “మందులు మింగు, ఇదీ తాగు. మూతి తిప్పితే నెత్తిన పోస్తా” అనేది. నాలుగో నాటికి తిన్నది నిలిచింది.

ఆ సంతోషంలోనే నేను తప్పు చేశాను. ఆమె గొర్రెలతో పోయినప్పుడు, శుభ్రత దేవునికి ఇష్టమని నేర్చుకున్న పిల్లను గదా, కుండను బూడిదతో తోమి, వేణ్ణీళ్లతో కడిగి ఎండలో బోర్లించాను. ఆమె వచ్చి కుండ వాసన చూసి కూలబడింది.

“ఎంత పని చేస్తివే పాపా! మా అత్త నాటి కలి ఇది.”

“కొత్తది పులియదా అవ్వా?” అన్నాను ఏడుస్తూ.

“పులుస్తాది. కుదురుకునేదానికి శానా దినాలు పడతాది. వానికి సెలవు ఉండేదే వారం.”

ఆ కలి ఇంకొక్క ఇంట్లోనే ఉంది. ఒకప్పుడు ఆమే కలి పంచి ఇచ్చిన చెల్లెలు ఎల్లమ్మ ఇంట్లో, అవతలి పార్టీ వీధిలో. మూడేళ్లుగా మా వీధి మనిషి ఆ వీధి తొక్కలేదు. నాగమ్మవ్వ ముంత చంకన పెట్టుకుని అందరూ చూస్తుండగానే నడిచింది. నిండు ముంతతో తిరిగి వస్తుంటే, అరుగు మీద కూర్చున్న మా పార్టీ మనిషి ఒకడు ఆపాడు.

“ఏందవ్వా, వాళ్ల గంజి రుచి మరిగినావా?”

“కడుపుకు ఏ పార్టీ అప్పా? రేపు నీకు నొప్పి వస్తే గూడా చెప్పు, పోయి తెస్తా.”

అతను కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాడు. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చి అన్నకు అంబలి కలిపింది.

అన్న వెళ్లాడు, పరీక్షలో నెగ్గాడు, పింఛను దాకా పనిచేశాడు. కొడవలి పట్టలేదు. మందుల వల్లో, అంబలి వల్లో, అమ్మ ప్రార్థనల వల్లో నాకు తెలియదు. మూడింటినీ దేవుడే పంపాడనుకుంటాను. సునీత చెప్పింది నిజమని తేలినా తేలకపోయినా నా కుండ అడుగున చెంబెడు కలి ఉంటుంది. ఎల్లమ్మ ఇంటి నుంచి ఆరోజు వచ్చి, నాగమ్మవ్వ నాకు పంచిందే అది.

ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతాను. పెరుగు తోడుకు చెంచాడు మిగిల్చేటప్పుడు, పొరుగింటి బిడ్డ కోసం అవతలి వీధిలోకి నడిచిన నాగమ్మవ్వను ఒకసారి తలుచుకోండి.