మేడం గీసిన మూడో గడి

పెద్ద మేడంకి ఒక్కటే జబ్బు. ఏది ఏమవుతుందో ముందుగా చెప్పమంటే చచ్చినా చెప్పదు. టీ తాగుతారా అన్నా, వాన పడుతుందా అన్నా ఒకటే జవాబు: "ఇంకా తేలలేదు." నెత్తిన గొడుగు కారుతుండగా అడిగినా అదే మాట అందని, ఆవిడ ల్యాబులో గాజుగిన్నెలు కడిగే ముక్కలరావు ఒట్టేసి మరీ చెబుతాడు.

ముక్కలరావు అసలు పేరు కాదు, బిరుదు. కడగమని ఇచ్చిన గిన్నెల్ని ముక్కలుగా తిరిగిచ్చి సంపాదించుకున్నాడు. దేవుడు తనకి వేళ్ళు మొక్కుబడిగా తగిలించాడని అతనే చెప్పుకునేవాడు. కళ్ళు మాత్రం గద్దవి. ఎవరు ఎవరితో మాటలు మానేశారో వాళ్ళకంటే ముందు అతనికి తెలిసేది.

మేడం పని ఎలుక పిండాలతో. ఎనిమిది కణాలదాకా అన్నీ ఒక్క పోలికేనట. తర్వాత బయట మిగిలినవాటిలో ఒక జన్యువు పెత్తనం చేసి వాటిని, కడుపులో బిడ్డకి తిండి అందించే మాయగా మారుస్తుంది. లోపలికి చేరినవాటిలో ఇంకొకటి గెలిచి బిడ్డగా మలుస్తుంది. తేలకముందే బయటిదాన్ని లోపలికి జరిపితే అదీ బిడ్డలో కలిసిపోతుందట. ముక్కలరావుకి ఇందులో సగమే అర్థమైంది. మిగతా సగం తనే కల్పించి అందరికీ చెప్పాడు.

అతనిది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పనికొస్తాడో రాడో మేడం కాగితం మీద రాయాలి. మూడేళ్ళుగా తేలలేదనే రాస్తోంది. మూడేళ్ళు తేలనిది మునిగినట్టే లెక్క అని భార్య తేల్చేసింది. దాంతో అతను ఆఫీసు గుమస్తా దగ్గరికెళ్ళి మేడం మీద నేరాలన్నీ ఏకరువు పెట్టాడు.

గుమస్తా కాగితం తీసి చూపించాడు. "అచ్చులో ఉన్నవి రెండు గళ్ళేనయ్యా. పనికొస్తాడు, రాడు. రాడు అంటే ఆ రోజే ఇంటికి. నువ్వు పగలగొట్టినవాటి జాబితా రెండు పేజీలుంది. ఆవిడేమో అబద్ధం రాయదు."

"మరి ఈ మూడోది?"

"స్కేలు పెట్టి ఆవిడే గీసింది. మూడేళ్ళూ. పైవాళ్ళు పిలిచి అడిగితే, తేలనిదాన్ని తేలిందని ఎలా రాస్తామని గంటసేపు పాఠం చెప్పింది. రెండో గంట వినలేక సంతకాలు పెడుతున్నారు."

ముక్కలరావు సింకు దగ్గరికొచ్చి, ఆ తడబాటులో ఇంకో గిన్నె పగలగొట్టాడు. చప్పుడుకి మేడం వచ్చింది.

"రేపట్నుంచి నువ్విక్కడ వద్దు," అంది.

అతని గుండె జారి, ఆ ముక్కల్లోనే పడింది.

"లోపలికి రా. మైక్రోస్కోపు దగ్గర కూర్చుని, ఏ కణం ఎప్పుడు లోపలికి జరుగుతోందో చూసి చెప్పు. చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకో."

"అక్కడైనా పనికొస్తానంటారా, మేడం?"

మేడం అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇంకా తేలలేదు."

ముక్కలరావు రెండు చేతులూ జేబుల్లోకి తోసుకుని ఆవిడ వెనకే నడిచాడు. తలుపు మేడమే తీసింది.