కంపెనీ తరఫున మా తాతయ్య

మా తాతయ్య మనుషుల మొహాలు గుర్తుపెట్టుకోడు, మీటర్లు గుర్తుపెట్టుకుంటాడు. ఉద్యోగమంతా కరెంటు కంపెనీలో మీటరు రీడరుగానే చేశాడు. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే తనూ పెడతాడు గానీ, వాళ్లెవరో తెలియక నా వైపు చూస్తాడు. ఫలానా సందులో నీలం తలుపు ఇల్లు అని గుర్తుచేస్తే చాలు, మెట్ల కింద మీటరు, పక్కన చెప్పుల స్టాండు, పైన బల్లి అని గడగడా చెప్పేస్తాడు. ఆ బల్లి పోయి ఎన్నాళ్లయిందో. మా పిన్నికి సంబంధం చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ పెళ్లికొడుకును చూస్తుంటే, ఈయన వరండాలో మెల్లగా తిరుగుతున్న మీటరు చూసి వచ్చి, వీళ్లు నిదానస్థులు, పిల్లనివ్వొచ్చు అని తేల్చాడట. బాబాయి నిజంగానే నిదానస్థుడు. ఎంత నిదానమంటే, పిన్ని ఇప్పటికీ తాతయ్యను క్షమించలేదు.

రిటైరయ్యాక కూడా ఆయనకు అది ‘మన కంపెనీ’నే. కరెంటు పోతే మేమంతా కంపెనీని తిడతాం. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, ఎక్కడో కొమ్మ విరిగి పడుంటుంది పాపం అంటాడు. చెమటలు కక్కుతున్న మా మీద పడాల్సిన జాలి వైర్ల మీద పడుతుంది. మీరు నన్ను కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ను చేసుకోవాల్సింది అని అమ్మమ్మ దెప్పుతుంది.

అమ్మమ్మా తాతయ్యా ఉండేది మాతోనే, నాలుగంతస్తుల పాత బిల్డింగులో, అద్దెకు. కింద మెట్ల పక్క గదిలో అమ్మ ఇస్త్రీ షాపు పెట్టుకుంది. రెండు బల్లలు, రెండు ఇస్త్రీ పెట్టెలు, నీళ్లు చిలకరించే సీసా, గోడ పొడవునా హ్యాంగర్లు. ఇస్త్రీ పెట్టెలు కరెంటును కుడితి తాగినట్టు తాగుతాయి. పోయిన ఎండాకాలం బిల్లు చూశాక అమ్మ ఇక నడపలేనంది. గది ఖాళీ చేస్తానని ఇంటి ఓనరుకు కూడా చెప్పేసింది. అసలే ఆవిడకు మాటలు తక్కువ. ఆ వారమంతా ఒక్కొక్క చొక్కానూ ఆఖరిసారి అన్నట్టు నిమిరి నిమిరి మడతపెట్టింది.

దారి లేకపోలేదు. మా బిల్డింగు పైకప్పు మీద పొద్దస్తమానం ఎండ ఊరికే పోతోంది. అక్కడ సోలార్ పలకలు పెట్టి, వచ్చిన కరెంటును అన్ని ఇళ్లూ అమ్మ షాపూ పంచుకుంటే బిల్లు సగానికి దిగుతుందట. లెక్కలు రాకే నేను బడి మానేశాను కాబట్టి ఎలా దిగుతుందో నన్నడగొద్దు. ఓనరు కూడా సరేనన్నాడు. సరే అననిది నియమం. మా రాష్ట్రంలో ఒక పైకప్పు మీది కరెంటును ఒక్క ఇంటి మీటరుకే లెక్క కట్టాలి. అంటే సొంతిల్లున్నవాడికే సూర్యుడు. అద్దెకున్నవాళ్లకు ఉక్కపోత మాత్రమే.

ఆ నియమం మార్చాలా వద్దా అని కరెంటు కమిషన్ బహిరంగ విచారణ పెట్టింది. కమిషన్ అంటే, కంపెనీ కరెంటును ఏ రేటుకు, ఏ పద్ధతిలో అమ్మాలో చెప్పే పెద్దలు. అత్తగారికి కూడా ఒక అత్తగారుంటారు కదా, అలాగన్నమాట. ఈ వార్త తెచ్చింది రెండో అంతస్తు సైన్సు టీచరమ్మ. వాతావరణం వేడెక్కకుండా ఆపాలని పోరాడే సంఘంలో ఆవిడ పెద్ద తలకాయ. ఎవరింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి ఆలోచిస్తూ నిలబడ్డా, భూమి పేరు చెప్పి మూయిస్తుంది. అందుకని మేం ఆవిణ్ణి భూదేవి అంటాం, ఆవిడకు వినపడకుండా.

తాతగారు లోపలి మనిషి, ఆయన వచ్చి మాట్లాడితే బరువుంటుందని భూదేవి అడిగింది. తాతయ్య ససేమిరా అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తనవల్ల కాదన్నాడు. ఆవిడ కూర్చుని మంచుకొండలు కరగడం గురించి చాలాసేపు చెప్పింది. ఈయన మర్యాదగా తలూపాడే గానీ కొండలా కదల్లేదు. ఆ సాయంత్రం అమ్మ షాపు కట్టేసి, ఇస్త్రీ పెట్టెకు తీగ చుడుతూ మామూలుగా అడిగింది.

“నాన్నా, ఇవి అమ్మితే ఎవరైనా కొంటారంటావా?”

తాతయ్య మర్నాడు పొద్దున్నే వెళ్లి భూదేవి తలుపు తట్టి, ఏం మాట్లాడాలో చెప్పమన్నాడు.

ఆవిడ చెప్పిన మాటల్లో ‘కర్బన ఉద్గారాలు’ ఉన్నాయి. తాతయ్య నోట్లో పళ్లు కొన్ని లేవు. ప్రతిసారీ అక్కడికి రాగానే బండి బురదలో దిగబడేది. వేడి సంగతి నాకు తెలుసులేమ్మా అన్నాడు చివరికి విసుగొచ్చి. తను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మీటర్లు గిరగిరా తిరిగేది నడి ఎండాకాలంలోనేనట, తను రిటైరయ్యేనాటికి ఏడాదిలో సగం అలాగే తిరుగుతున్నాయట. భూదేవి తన కాగితం మడిచేసి, ఉద్గారాలు నేను చూసుకుంటాను, మీరు ఇది చెప్పండి అంది.

విచారణ రోజు అమ్మ ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది. ఆ మడత మీద వేలు పెడితే తెగుతుంది. హాల్లో మధ్యన దారి. ఒక పక్క కుర్చీలు కంపెనీవాళ్లకు, రెండో పక్కవి జనానికి. వేదిక మీద కమిషన్ పెద్దలు, వాళ్ల నడుమ చైర్‌పర్సన్, కళ్లజోడును మెడలో తాడుకు వేలాడదీసుకున్న పెద్దావిడ. మేం సీట్లు వెతుక్కునేలోపు తాతయ్య మాయం. తీరా చూస్తే కంపెనీ వైపు, పాత ఆఫీసు నేస్తాల మధ్య కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంటున్నాడు. ఎవరెవరు మాట్లాడతారని గుమాస్తా అడిగితే చెయ్యి కూడా ఎత్తాడు. నేను ఇటు రమ్మని సైగలు చేశాను. మంచి సీటు దొరికిందిలే అన్నట్టు ఆయన నాకు చెయ్యూపాడు.

ముందు కంపెనీ లాయరు లేచాడు. ఒక పైకప్పు కరెంటును ఇన్ని మీటర్లకు పంచితే లెక్క తేలదు, మాకు అది సాధ్యం కాదు, నియమం మార్చొద్దు అన్నాడు. ఆ వెంటనే, కంపెనీ తరఫున తర్వాతి వక్త అంటూ గుమాస్తా తాతయ్యను పిలిచాడు. అమ్మ కళ్లు మూసుకుంది.

తాతయ్య మైకు ముందు నిలబడ్డాడు. బతుకంతా జనం గుమ్మాల ముందు నిలబడి ఏ మాట అన్నాడో, ఆ మాటే బయటికొచ్చింది.

“కరెంటు కంపెనీ నుంచి వచ్చానండి. మీటరు చూడాలి.”

హాలంతా గొల్లుమంది. చైర్‌పర్సన్ కళ్లజోడు పెట్టుకుని, చూద్దురుగాని, ముందు వచ్చిన సంగతి చెప్పండి అంది. ఆ నవ్వులతో ఆయన బిగువు సడలింది. ఎండాకాలం పెరిగిన సంగతి, అద్దె ఇళ్ల సంగతి, కూతురి షాపు సంగతి వరసగా చెప్పాడు. మీటర్లెన్నయినా మన కంపెనీ లెక్క తేల్చగలదని, చేతకాదని పదిమందిలో చెప్పుకోవడం మనకే నామోషీ అని అన్నాడు. కాబట్టి నియమం మార్చాలని మన కంపెనీ తరఫున మనవి చేస్తున్నానని ముగించాడు. గుమాస్తా బుద్ధిగా అలాగే రాసుకున్నాడు.

లాయరు తోక తొక్కిన తాచులా లేచాడు. ఈ పెద్దాయన మా మనిషి కాదు, ఆ మాటలు కొట్టేయాలి అన్నాడు. అప్పటిదాకా వెలిగిపోతున్న తాతయ్య మొహం ఆరిపోయింది.

“నేను మీ మనిషిని కానా బాబూ? నన్ను చూస్తే ఊళ్లో కుక్కలన్నీ కంపెనీవాడొచ్చాడనే మొరిగేవి. వాటికి తెలిసింది మీకు తెలీదా?”

ఈసారి కంపెనీ వైపే ఎక్కువగా నవ్వారు. ఇంతకీ మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నట్టు అని చైర్‌పర్సన్ అడిగింది. తాతయ్య ఆ పక్కా ఈ పక్కా చూశాడు.

“ఇన్నాళ్లూ వీళ్లు అన్నం పెట్టారు. ఇప్పుడు అదిగో, ఆ అమ్మాయి పెడుతోంది. ఎవర్ని కాదనమంటారండీ?”

ఆవిడ నవ్వలేదు. లాయర్ని కూర్చోమని, కంపెనీ ఇంజినీరును లేపి, ఈ పని చేయగలరా లేదా, ఆ ఒక్కటీ చెప్పమంది. ఇంజినీరు లాయరు వైపు చూశాడు, తాతయ్య వైపు చూశాడు. కొత్త రకం మీటర్లు పెట్టిన పేటల్లో చేయగలమని, ముందు కొన్ని బిల్డింగుల్లో చేసి చూస్తే మంచిదని మెల్లగా అన్నాడు. మా పేటలో కొత్త మీటర్లు అప్పటికే వచ్చేశాయి.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. నియమం మొత్తం మారలేదు. కొత్త మీటర్లున్న పేటల్లో కొన్ని అద్దె బిల్డింగులు ఏడాదిపాటు పైకప్పు కరెంటును పంచుకోవచ్చు, ఆ తర్వాత మళ్లీ చూద్దాం అన్నారు. ఆ కొన్నింట్లో మాదీ ఒకటి. భూదేవి ఇది సగం గెలుపేనని మూతి ముడిచి, మిగతా సగం కోసం సంఘంతో కలిసి మళ్లీ అర్జీ రాయడం మొదలుపెట్టింది. అమ్మ మాత్రం ఓనరింటికి పరిగెత్తింది. ఆయన ఆ గదిని సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికి ఇస్తానని అప్పటికే మాటిచ్చేశాడు. మాటలు తక్కువైన మా అమ్మ దాచుకున్న మాటలన్నీ ఆ పూటే వాడేసింది. ఓనరు చొక్కాలు షాపులోనే ఉన్నాయని, నలిగినవి నలిగినట్టే పట్టుకెళ్లమని చెప్పాక గది మళ్లీ మాదైంది.

ఇప్పుడు పైకప్పు మీద పలకలున్నాయి, కింద షాపు నడుస్తోంది. తాతయ్యకు కొత్త జబ్బు పట్టుకుంది. పలకల మీద ఎవరి నీడ పడినా ఊరుకోడు. తల ఆరబెట్టుకోవడానికి వెళ్లిన అమ్మమ్మను కూడా పక్కకు జరగమన్నాడట. కంపెనీతో సవతి పోరు తీరిందనుకుంటే సూర్యుడు దాపురించాడని ఆవిడ అందరికీ చెప్పుకుంటోంది.

ఇవాళ మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బేసింది. అమ్మ షాపు గుమ్మంలోకి వచ్చి ఆకాశం చూసి, మెట్ల మీద కూర్చున్న తాతయ్యను అడిగింది.

“నాన్నా, మబ్బు మీద అర్జీ ఎక్కడ పెట్టాలి?”

తాతయ్య, భూదేవిని కనుక్కుని చెబుతానన్నాడు.